రోగి సమ్మతి

మా నవాబుపేట ప్రాంతమున ఒకనికి మతి చెడినదని తోఁచినపుడు, హైదరాబాదు ఎఱ్ఱగడ్డకుఁ గొనిపోవలయునా వలదా యని ఇంటివారును, ఇరుగుపొరుగువారును ఆలోచింతురు. ఆ యాలోచనలోఁ బాలులేనివాఁడు రోగి యొక్కఁడే.

తన హితము నెఱుఁగనివాని నడిగి ప్రయోజనమేమని కొందఱి వాదము. ఈ వాదము రోగమును నిత్యముగా నెంచుచున్నది. పెక్కండ్రకు మతిభ్రమ వచ్చి పోవునది; నడుమఁ దేఱుకొన్న దినములు కలవు. 2017 నాఁటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ సత్యమునే పట్టుకొన్నది. తెలివి నిలిచియున్నపుడే, మున్ముందు తన కెట్టి చికిత్స వలయునో, ఎట్టిది వలదో, తన పక్షమున నెవరు నిలువవలయునో వ్రాసియుంచవచ్చును. అత్యవసర చికిత్సకు ఆ వ్రాఁత అడ్డుకాదు. అంతకంటె మిన్నయైన మాట వేఱొకటి యందుఁ గలదు: ఒకని నిర్ణయము ఇతరులకుఁ దప్పుగాఁ దోఁచినంత మాత్రమున వానికి నిర్ణయశక్తి లేదనరాదు. తప్పు నిర్ణయములు చేయువారెల్లరును వెఱ్ఱివారే యైనచో, వైద్యముచేయుటకు ఊర నెవ్వరును మిగులరు!

మన తార్కికులు ప్రత్యక్షమును అనుమానమునకు ముందు నిలిపిరి. మందువలన ఆలోచన మొద్దువాఱుట వైద్యునకు అనుమానము, రోగికి ప్రత్యక్షము. 2001 ఆగస్టు 6న తమిళనాఁట ఎర్వాడిలో గొలుసులఁ గట్టువడిన 28 మంది అగ్నికి ఆహుతియైరి. వారి నచటికిఁ దెచ్చిన బంధువులు హితమే కోరిరి కాఁబోలు. గొలుసునకు సమ్మతింతువా యని వారి నెవ్వ రడిగిరి?

రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో, వ్యాధి ననుభవించినవారి పక్షమున ఇద్దఱకు ఈ చట్టము స్థానము కల్పించినది. ఆ యిద్దఱిలో నొకరైనను నవాబుపేటవంటి చోటినుండి, ఆసుపత్రి మంచమునఁ బరుండి లేచినవారు కావలయునని మా కోరిక.