ఇల్లడ సొమ్ము

పరుల రహస్యమును కాపాడువాడు తరచుగా ఆ రహస్యమును తెలిసికొనక తప్పదు. తెలిసికొన్నదానిని అతడు ఎట్లు భరింపవలెను? ఇది పాత ప్రశ్న. కంప్యూటర్ల కాలమున ఇది మరల మన గుమ్మమున నిలిచినది.

కామాటిపురకు ఆ పేరు తెచ్చినవారు నిజాము రాజ్యమునుండి వచ్చి, బొంబాయి కట్టడములలో చెమటోడ్చిన తెలుగు కామాటులు. అక్షరము రాని కూలివానికి ఊరినుండి ఉత్తరము వచ్చినచో, చాల్‌లో చదువు వచ్చిన పొరుగువాని యొద్దకు పోవలసివచ్చెడిది. ఆ పొరుగువాడు ఉత్తరము చదివి వినిపించును. మనియార్డరు ఫారము పూరించి యిచ్చును. ఎవరికి ఎంత అప్పున్నదో, ఎవరి యింట ఏ కలత యున్నదో అతనికి తెలియును. అట్టివానికి గౌరవము దక్కుట చదువువలన మాత్రమే కాదు. రాత్రి చదివినదానిని తెల్లవారి నల్లా యొద్ద చెప్పకుండుటవలన.

నేడు ఆ స్థానమున కంప్యూటరు వ్యవస్థల నిర్వాహకుడు కూర్చున్నాడు. బ్యాంకులోనైనను ఆసుపత్రిలోనైనను అతని పని ముఖ్యముగా మూడు విధములు: ఎవరు ఏ తలుపు తెరువవచ్చునో నిర్ణయించుట, ఎవరు ఎప్పుడు లోనికి వచ్చిరో నమోదగునట్లు చూచుట, మూలము చెడినను నష్టము రాకుండ వేరొకచోట ప్రతిని దాచుట. ఇందులకై అతనిచేత తాళపుచెవుల గుత్తి యుండవలెను. ఆ గుత్తి గలవాడు తలచినచో, పెక్కుచోట్ల అందరి ఉత్తరములను చదువగలడు.

దాచుమని ఒకరు మనచేత పెట్టిన సొమ్మును తెలుగున ఇల్లడ యందురు. ధర్మశాస్త్రము దానిని నిక్షేపమన్నది. మనువు వ్యవహారపదములను 18గా లెక్కించి, మొదట ఋణమును, రెండవదిగా నిక్షేపమును, మూడవదిగా అస్వామివిక్రయమును, అనగా తనది కానిదానిని అమ్ముటను, పేర్కొనెను. ఈ రెండును ప్రక్కప్రక్కన నుండుట గమనింపదగినది. దాచుమన్నదానికిని అమ్ముకొనుటకును నడుమ దూరము మిక్కిలి కొద్ది. మన దేశమున 2023లో వెలువడిన వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము, వివరములు పుచ్చుకొను సంస్థను ‘డేటా ఫిడూషియరీ’ యని పిలిచినది. ఫిడూషియరీ యనగా పరుల నమ్మకమును మోయువాడు. కొత్త చట్టము పాత ఇల్లడ యొద్దకే వచ్చినదని మా తలంపు.

‘దాచుకొనదగినది మాయొద్ద ఏమున్నది?’ అని కొందరు అడుగుదురు. కామాటిపురవాసులు ఈ మాట అనజాలరు. ఉద్యోగపు దరఖాస్తులో చిరునామా చూచినంతనే ఎదుటివాని చూపు మారుట మన వాడలోని కుటుంబములకు క్రొత్త గాదు. నిజమైన వివరమే, దొంగిలింపబడని వివరమే, మనిషిని గాయపరచగలదు. మనకు పొరుగున నున్న మరికొందరి పాట్లు ఇంకను కఠినములు. లైంగిక వృత్తిలో నున్నవారు నివాసపు ఋజువు చూపలేకున్నను, ఎయిడ్స్ నియంత్రణ సంస్థల అధికారులిచ్చు ధ్రువపత్రముపై వారికి ఆధార్ కార్డు ఇవ్వవలెనని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించినది. దానితోబాటు ఒక కట్టడి చేసినది: వారి వృత్తిని తెలుపు సంకేతమేదియు నమోదు సంఖ్యలో చేర్పరాదు. దీనివలన మనము నేర్వదగినది గలదు. రక్షణ తాళముతో మొదలుకాదు. ఏది వ్రాయరాదో ఎరుగుటతో మొదలగును.

అట్లయిన నిఘాయే వలదందురా? అదియు సరిగాదు. 2017 మేలో వానక్రై యను దుష్టప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కంప్యూటర్లను గూడ పట్టినది. దానికి దారియిచ్చిన లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ మార్చిలోనే మరమ్మతు వెలువరించి యుండెను. మరుసటి జూనులో అట్టిదే మరియొకటి వచ్చి, మన ముంబయి చెంతనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినల్ పనిని స్తంభింపజేసినది. మంచివాడై నిద్రించు కాపలాదారునివలన ఇల్లు నిలువదు. అందుచేతనే దేశపు కంప్యూటరు అత్యవసర విభాగమగు సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్‌లో, ప్రమాదమును 6 గంటలలో తెలుపవలెననియు, రాకపోకల నమోదులను 180 దినములు నిలుపవలెననియు ఆదేశించెను.

అయితే కాపలా తలుపుమీద నుండవలెను గాని, ఇంటివారి మాటలమీద కాదు. కాపలాదారుని అడుగులు గూడ, అతడు చెరుపజాలని పుస్తకములో నమోదు కావలెను. ఇది అవమానము గాదు. గుడి హుండీని పదిమంది ఎదుట తెరుచుట పూజారిపై అనుమానముచేత కాదు. అతని మంచిపేరు నిలుచుటకే. బ్యాంకు లాకరుకు రెండు తాళపుచెవులు పెట్టుటయు అందుకే.

ఇది పెద్ద కార్యాలయముల ధర్మము మాత్రమే యని మనము ఊరకుండరాదు. మన సంఘములయొద్ద సభ్యుల జాబితాలున్నవి; పెండ్లిసంబంధములకై ఇచ్చిన జాతకములు, జీతపు వివరములున్నవి. పాత చాళ్ల పునర్నిర్మాణపు మాట వచ్చినప్పుడెల్ల అద్దె రసీదులు, ఆధార్ నకళ్లు చేతులు మారుచున్నవి. సెల్‌ఫోనులలో, వాట్సాప్ గుంపులలో తిరుగుచున్నవి. వానిని పుచ్చుకొన్న ప్రతి కార్యదర్శియు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగి యుండవలెను: దీనిని ఎందుకు పుచ్చుకొంటిమి? ఎవరెవరు చూడగలరు? పని తీరిన పిమ్మట ఎప్పుడు చెరిపివేయుదుము?

తరతరములుగా ఒకే గదిలో కాపురమున్న కుటుంబమునకు, ఆ గది తమదే యని చూపుటకు పాత రసీదే ఆధారము. అది పోయినను ఇల్లు పోవును. వంచకుని చేత పడినను ఇల్లు పోవును. పుచ్చుకొన్ననాడే ఈ రెండు భయములును పుచ్చుకొన్నవానివి కావలెను. ఆ బరువు మోయజాలనివాడు ఆ కాగితమును అడుగకుండుటయే ధర్మము.