కొలిమి తిత్తి నూదిన చేయి

పరుల సహాయమును పొందినవాని శ్రమ తన శ్రమ కాకపోవునా? ఇది పాత ప్రశ్న. పర్వతమార్గమున సైకిలు త్రొక్కిన యొకని వృత్తాంతము దీనిని చక్కగా విచారించుటకు తోడ్పడును.

ఫ్రాన్సు దేశమున 1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెము పలుదినములు సాగునది. 1910లో దానిని పిరనీస్ పర్వతములలోని ఎత్తయిన కనుమల మీదుగా నడిపించిరి. వానిలో తూర్మలే కనుమ 2,115 మీటర్ల ఎత్తున నున్నది. ఆనాటి నిబంధన కఠినమైనది. సైకిలు చెడినయెడల పోటీదారుడే బాగుచేసికొనవలెను. అన్యుల చేయి సోకరాదు.

1912లో ద్వితీయస్థానము పొందిన యూజేన్ క్రిస్టోఫ్ మరుసటి యేట జూలైలో ఈ కనుమ నెక్కి దిగుచుండగా, ముందు చక్రమును పట్టియుంచు ఫోర్కు విరిగెను. ఆయన సైకిలును మోసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సాంత్-మారీ-ద-కాంపాన్ అను గ్రామమున కమ్మరి కొలిమిని చేరెను. పూర్వము తాళముల పని చేసినవాడగుటచే ఇనుము స్వభావము ఆయనకు తెలియును. అధికారులు చూచుచుండగా, సుమారు మూడు గంటలు శ్రమించి, విరిగిన ఇనుమును తానే కాల్చి, కొట్టి, అతికెను. కాని రెండు చేతులును పనిలో నున్నవానికి తిత్తి నూదుటకు మూడవ చేయి లేదు. ఒక బాలుడు నూదెను. అందులకు కొన్ని నిమిషముల కాలమును శిక్షగా విధించిరి. క్రిస్టోఫ్ పందెమును విడువక తుదివరకు సాగి, ఏడవవాడుగా నిలిచెను.

ఇది విన్నవారు అధికారులను నిందించుట సహజము. కాని తొందరపడరాదు. ధనవంతుడు పదిమంది పనివారిని వెంటబెట్టుకొని వచ్చినచో పేదవాని బలమునకు విలువ యేమి? అందరికిని ఒకే కొలత యుండవలెనని నిబంధన కోరినది. ఆ మేరకు అది ధర్మమే.

అయితే తిత్తి మీది చేతిని చూచిన కన్ను కొలిమిని చూడలేదు. ఆ కొలిమిని కట్టినదెవరు? బొగ్గును తెచ్చినదెవరు? కొండపై బాట వేసినదెవరు? ఇదియంతయు పరుల శ్రమయే. పందెమునకు ఎక్కడనో యొకచోట గీత గీయక తప్పదు. ఆ గీతను జీవితమునకు తెచ్చి, ‘నేనొక్కడనే సాధించితిని’ అనుట మాత్రము అసత్యము.

అట్లని మన బరువును పరులపై మోపుట తగునా? తగదు. నేడు మనాలి నుండి లేహ్ వరకు, 5,300 మీటర్లకు మించిన తంగ్లాంగ్ లా కనుమ మీదుగా, పలుదినములు సైకిలుపై పోవువారు కలరు. కొందరు సామాను తామే మోసికొందురు. కొందరి సామాను వాహనమున వచ్చును. వాహనము నుపయోగించుట పాపము కాదు. కాని దానిని నడిపినవానిని, చలిలో వంట వండినవానిని లెక్కింపక, యాత్ర యంతయు తన కాలి బలమేయని చెప్పుకొనుట దోషము. ఇట్లే, ఎవరి సహాయమును పొందలేదని గర్వించువాడును తాను త్రాగిన నీటిని, తాను నడచిన బాటను మరచుచున్నాడు.

కావున శ్రమించువాడు తన్ను తాను మూడు ప్రశ్న లడుగుకొనవలెను. నేను చేయగలిగినది నేనే చేసితినా? చేయజాలనిదానిని సంకోచము లేక అడిగితినా? అందినదానిని మరువక చెప్పితినా? క్రిస్టోఫ్ మొదటిదానికి తన భుజముతోను సుత్తితోను బదులిచ్చెను. రెండవ, మూడవ ప్రశ్నలకు బదులు పలుక పందెపు నిబంధన లెవ్వియు మనల నిర్బంధింపవు. మన యింట, మన పనిలో, మనకై తిత్తి నూదిన చేతు లెన్నియో కలవు. వానిని గుర్తించినంతమాత్రమున మన శ్రమ తగ్గిపోదు. దాని లెక్క సరియగును.