లోపలి తీర్పరి ఎవరి మనిషి?



"నా అంతరాత్మ ఒప్పుకోవట్లేదు" అనే మాట మీరు వినే ఉంటారు, అనే ఉంటారు. ఆత్మ లేదని చెప్పే ధమ్మంలోకి వచ్చాక కూడా ఈ మాట నోట్లోంచి పోదు. పోనీ, అలవాటు అనుకుందాం. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. లోపల నుంచి "తప్పు, తప్పు" అని అరిచే ఆ గొంతు ఎవరిది? అది అరిచిన ప్రతిసారీ మనం తల వంచాల్సిందేనా?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాళ్లలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఒకరు. వియన్నా నగరంలో వైద్యం చేసిన యూదుడు. 1923లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో ఆయన మనిషి మనసును మూడు భాగాలుగా చెప్పాడు. ఇంగ్లీషు అనువాదకులు లాటిన్ మాటలు తెచ్చి ఇడ్, ఈగో, సూపర్ ఈగో అని పేర్లు పెట్టారు. ఫ్రాయిడ్ వాడినవి మామూలు జర్మన్ మాటలే: అది, నేను, పై-నేను. మనవాళ్లు "వాడికి ఈగో ఎక్కువ" అంటే పొగరు అని అర్థం. ఫ్రాయిడ్ చెప్పిన ఈగోకు ఆ పొగరుతో పని లేదు.

"అది" అంటే పుట్టుకతో వచ్చిన కోరిక, ఆవేశం. ఇప్పుడే కావాలంటుంది, మంచీ చెడూ ఎరగదు. "నేను" లోకాన్ని చూసి, వీలు చూసి నడిపించేది. గుర్రం మీద రౌతు లాంటిదని ఆయనే పోల్చాడు. చాలాసార్లు గుర్రం ఎటు పోతే రౌతూ అటే పోయి, నేనే తోలుతున్నానని అనుకుంటాడట. ఇక "పై-నేను" లోపల కూర్చున్న తీర్పరి. పుట్టిన బిడ్డకు అది ఉండదు. అమ్మానాన్న తిట్టినవీ, బెదిరించినవీ, మెచ్చుకున్నవీ లోపలికి దిగి, వాళ్లు పక్కన లేనప్పుడు కూడా వాళ్ల బదులు కాపలా కాస్తాయి. తప్పు చేస్తేనే కాదు, తప్పు చేయాలని అనుకున్నా శిక్షిస్తాయి.

మెదడును కోసి చూస్తే కనబడే మూడు గదులు కావివి. ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోని శాస్త్రజ్ఞులు చాలామంది ఉన్నారు. తండ్రి మీద కొడుక్కి ఉండే పోటీ లోంచే ఈ తీర్పరి పుడతాడన్న కథ నాకూ నమ్మబుద్ధి కాదు. దాన్ని పక్కన పెడదాం. కానీ 1933లో వచ్చిన ఉపన్యాసాల పుస్తకంలో ఆయన ఇంకో సంగతి చెప్పాడు. అది మనకు కావాలి. పిల్లల లోపలి తీర్పరి తల్లిదండ్రులను చూసి కాదు, తల్లిదండ్రుల లోపల ఉన్న తీర్పరిని చూసి తయారవుతాడట. అందుకే పాత కట్టుబాట్లు తరం నుంచి తరానికి చెక్కు చెదరకుండా దిగుతూ వస్తాయట.

ఇక్కడ ఆగి మన వాడల్లోకి చూడండి. "ఆళ్ల అరుగు మీద కూకోమాకురా", "ఆ గ్లాసు ముట్టుకోకు" అని చెప్పింది ఎవరు? అమ్మే. ఆమె చెడ్డదా? కాదు. బిడ్డ వీపు మీద దెబ్బ పడకూడదని చెప్పింది. ఆ భయం ఆమెకు వాళ్లమ్మ ఇచ్చింది, ఆ అమ్మకు దొర చేతి కర్ర ఇచ్చింది. దొర పోయాడు, కర్ర పోయింది. భయం మాత్రం ప్రేమ రూపంలో, అమ్మ గొంతుతో మన దాకా వచ్చింది. బాగా చదువుకుని ఉద్యోగం చేస్తున్న పిల్లవాడు హైదరాబాదులో అద్దె ఇంటికి పోతాడు. ఇంటాయన "మీరేమిటోళ్లు?" అని అడుగుతాడు. తప్పు అడిగినవాడిది. గొంతు తడారిపోయేది మాత్రం మనవాడిది. వాడి లోపలి తీర్పరి ఇంకా పాత యజమాని దగ్గరే జీతం తీసుకుంటున్నాడు.

ఫ్రాయిడ్‌కు ఈ సంగతి పుస్తకాల్లో తెలిసింది కాదు. ఆయనకు పది పన్నెండేళ్లప్పుడు తండ్రి తన పడుచునాటి ముచ్చట ఒకటి చెప్పాడు. కొత్త బొచ్చు టోపీ పెట్టుకుని వీధిలో పోతుంటే, ఒక క్రైస్తవుడు దాన్ని కొట్టి బురదలో పడేసి, యూదుడా, కాలిబాట దిగు అన్నాడట. "మరి నువ్వేం చేశావు?" అని అడిగాడు పిల్లవాడు. రోడ్డు మీదికి దిగి టోపీ తీసుకున్నానన్నాడు తండ్రి. పిల్లవాడు కుమిలిపోయాడు. రోమన్ల మీద పగ తీర్చుకోమని కొడుకుతో ఒట్టు వేయించిన హన్నిబాల్ తండ్రి ఆ పిల్లవాడికి గొప్పగా కనిపించాడు. నలభై దాటాక కలల మీద రాసిన పుస్తకంలో ఫ్రాయిడ్ ఈ సంగతి చెప్పుకున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్న తాతలూ, చెప్పులు చేతబట్టుకుని ఊరు దాటిన తాతలూ మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లనకండి. ఎదురు తిరిగితే ఏమయ్యేదో వాళ్లకు తెలుసు.

ఫ్రాయిడ్ ఆ చిన్న పుస్తకం అచ్చయిన 1923లోనే బొంబాయి శాసనమండలి చెరువులూ బావులూ అందరివీ అని తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా చవదార్ చెరువును అందరికీ తెరిచింది. అయినా మనవాళ్లు నీళ్ల దాకా పోలేదు. పైవాళ్లు కొడతారన్న భయం నిజమైనదే. తర్వాత కొట్టారు కూడా. కానీ తరతరాలుగా "వద్దు" అన్న లోపలి గొంతు కూడా కాళ్లను పట్టి ఆపింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని నడిచి ఆ నీళ్లు తాగారు. కాగితం మీద హక్కు వచ్చిన నాటి నుంచి దోసిట్లోకి నీళ్లు వచ్చేదాకా అన్నేళ్లు పట్టింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మొదటివి "నమ్మను, పూజించను, చేయను" అని ఎందుకు సాగుతాయో ఇప్పుడు చూడండి. లోపలి పాత తీర్పరిని ముందు కుర్చీ దింపాలి కదా.

అయితే తీర్పరి అక్కర్లేదా? తాగొచ్చి భార్యను కొట్టినవాడు పొద్దున లేచి సిగ్గుపడుతుంటే, అది కులం పెట్టిన సిగ్గులే, వదిలెయ్ అందామా? అనలేం. ఇక్కడ ఫ్రాయిడ్ మనకు చాలడు. ధమ్మం ఈ సిగ్గులను విడివిడిగా చూసింది. చెడు చేయడానికి వెనకాడే ఆత్మగౌరవం హిరి. దాని ఫలితానికి జంకడం ఒత్తప్ప. ఈ రెండూ లోకాన్ని కాపాడేవి అన్నాడు బుద్ధుడు. మనసును నమిలేసే బెంగ కుక్కుచ్చ. దాన్ని ఐదు నీవరణాల్లో, అంటే అడ్డంకుల్లో చేర్చాడు.

వీటిని వేరు చేసేది ఎలా? పసివాడైన రాహులుడిని బుద్ధుడు అద్దం దేనికి అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకో అన్నాడు తథాగతుడు. ఇది నన్ను బాధిస్తుందా, ఎదుటివాళ్లను బాధిస్తుందా, ఇద్దరినీ బాధిస్తుందా? తప్పు జరిగితే తెలిసినవాళ్ల ముందు ఒప్పుకో, ఇక ముందు జాగ్రత్తపడు. అరుగు మీద కూర్చుంటే ఎవరికి దెబ్బ తగిలింది? ఎవరికీ లేదు. భార్యను కొడితే? తగిలింది. ఆ సిగ్గు పడాల్సిందే, పడి తాగుడు మానాల్సిందే. పాత తీర్పరి ఈ లెక్క అడగడు. ఎవరు చెప్పారు, ఎప్పటినుంచి ఉంది అన్నదే వాడికి సాక్ష్యం.

ఫ్రాయిడ్ లెక్కలో "నేను" అటు కోరికకూ, ఇటు తీర్పరికీ, బయటి లోకానికీ ముగ్గురికీ ఊడిగం చేస్తూ బతికే మనిషి. ధమ్మం ఒక అడుగు ముందుకేసి, కోరికా నువ్వు కాదు, తీర్పరీ నువ్వు కాదు అంటుంది. రెండూ కారణాల వల్ల పుట్టిన సంఖారాలు. కారణం పోతే అవీ పోతాయి. మనకు నచ్చినట్టు వెంటనే పోవు, అది కూడా నిజమే.

దీక్ష తీసుకున్న ఇళ్లలో దీన్ని చూస్తూనే ఉంటాం. బిడ్డకు జ్వరం కాగానే, "ఈ ఏడు పోచమ్మకు బోనం ఎత్తలేదు, అందుకేనేమో" అని తల్లి గుండె గుబులంటుంది. బయటికి చెప్పదు, మీరు నవ్వుతారని. నవ్వకండి. ప్రతిజ్ఞలు గుర్తు చేసి గద్దించకండి, అప్పుడు మీరే ఇంకో తీర్పరి అవుతారు. ముందు బిడ్డను డాక్టరుకు చూపించండి. జ్వరం దిగాక ఆమె పక్కన కూర్చుని, ఆ భయం ఆమెకు ఎవరు చెప్పారో, వాళ్లకు ఎవరు చెప్పారో, మెల్లగా అడుగుతూ పోండి.