ఎన్ని మిరపకాయలు?

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు నవంబరు మాసమున చియాంగ్ మై నగరమునకు ఒంటరిగా పోవుటకు టికెట్టు తీసుకొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినది; చెప్పుచు, "ఒక్కతెయే పోవుచున్నదే అక్కా" అని రెండుమార్లు అన్నది. నీ ఒంటరి ప్రయాణమును గూర్చి నాకు కలవరము లేదు. నలుగురికి దూరముగా పోయి కొన్నాళ్ళుండవలెనను కోరిక మనుష్యునకు ఏయే వేళల పుట్టునో నాకు తెలియును. నా కలవరమెల్ల వేరొకదానిని గూర్చినది. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ చేతి గాజు మోచేతి దాక జారుట చూచితిని. అప్పుడేమియు అనలేదు, ఇప్పుడును ప్రశ్నలు వేయను. నీవు పంపిన ప్రయాణపు పట్టికలో గుళ్ళు, జలపాతములు, ఏనుగుల వనము అన్నియు అయిన తరువాత అట్టడుగున "థాయి వంట క్లాసు, మార్కెట్టుతో సహా" అని వ్రాసి ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టితివి. ఆ ప్రశ్నార్థకమును కొట్టివేయుమని చెప్పుటకే ఈ ఉత్తరము.

మీ పెదనాన్నగారు పోయిన పిమ్మట, నేను జబ్బునుండి లేచిన తరువాత, నా కూతురు, మీ అక్క, నన్ను బలవంతముగా అక్కడికే తీసుకొనిపోయిన సంగతి నీకు జ్ఞాపకముండును. 1296లో మంగ్‌రాయ్ అను రాజు కట్టించిన ఊరు అది. చతురస్రమైన పాత పట్టణము చుట్టును నేటికిని నీరు నిలిచిన అగడ్త, మూలలయందు కూలిన ఇటుక బురుజులు. నాతో చెప్పకయే అక్క ఆ క్లాసుకు డబ్బు కట్టినది. పెండ్లియైన నాటినుండి పొయ్యి ముందర నిలిచినదానికి పరదేశమున వంట నేర్పించుట యేమని నాకు కోపము వచ్చినమాట నిజము. కాని అగడ్తకు లోపల ఈశాన్యపు దిక్కుననున్న సోంఫెత్ సంతలో అడుగుపెట్టిన కొంతసేపటికి ఆ కోపము ఎటు పోయినదో తెలియలేదు.

పాఠము చెప్పునామె అక్క యీడుది. ఒక్కొక్క బుట్ట కడ నిలిచి, ఒక్కొక్క ఆకును, దుంపను మా అరచేతులలో పెట్టి, నలిపి వాసన చూడుమన్న తరువాతనే దాని పేరు చెప్పెడిది. నిమ్మగడ్డిని వారు పైయాకు పారవేసి తెల్లని మొదలు మాత్రము వాడుదురు. మన వైద్యులు కషాయములలో వేయు దుంపరాష్ట్రమును వారు పచ్చిదిగా అల్లమువలె తరిగి కూరలో వేయుదురు. మనము కొత్తిమీర వేళ్ళు కోసి పెంటకుప్పలో వేయుదుమా, వారు వేళ్ళ కొరకే కట్ట కొందురు. మనము కోటలో పెట్టి పూజించు తులసిని వారు వెల్లుల్లితో, మిరపకాయలతో గూడ బాణలిలో వేయింతురు. నాకు మొదట మనసొప్పలేదు, కాని ఆమె ఆ ఆకును ముక్కు కడ పెట్టుకొనిన భక్తి చూచి ఊరకుంటిని. ఇక ఒక గంపలో ఆకుపచ్చని గుత్తులు, బఠాణీలంతేసి కాయలు. ఉస్తికాయలు! అమ్మమ్మ మజ్జిగలో ఊరవేసి మేడమీద చాపలపై ఎండబెట్టినవే. నీవు పిల్లప్పుడు దొంగతనముగా నోట వేసుకొని చేదని ఉమ్మివేసినవే. వారు వాటిని పచ్చివిగానే కొబ్బరిపాల కూరలో వేయుదురు. ఆ గంప ముందర నేను చాలసేపు నిలిచిపోతిని; అక్క వచ్చి భుజము తట్టినది.

మిరపకాయ మాట చెప్పక సంతను దాటలేను. అక్కడి మిరపకాయ చిటికెనవ్రేలి గోరంత యుండి కంటనీరు పెట్టించును. దానికి పుట్టినిల్లు అమెరికా ఖండము. 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుల ఓడలతో అది ఈ తీరములకు వచ్చినది. ఆ పోర్చుగీసువారు అప్పటి థాయి రాజధానియైన అయుత్థయకు 1511లో చేరిరి. అంతకు మునుపు వారికైనను, మన గుంటూరు సీమవారికైనను కారమనిన మిరియమే. పరదేశమునుండి ఒంటరిగా వచ్చిన గింజ, తన నేల కాని నేలయందు వేరూని, ఆ యింటివారు అది లేని యొక్క ముద్దను ఊహింపలేనంతగా తనదియైపోయినది. అమ్మా, ఇది నీకై వ్రాయుచున్నాను, మరల చదువు.

తిరిగి వచ్చి ఒక చావడిలో చేరితిమి. నేను ఆశ్చర్యపడినది అక్కడ. వచ్చినవారెందరో అన్ని పొయ్యిలు; ఒక్కొక్కరికి ఒక బాణలి, కత్తిపీట బదులు పలక, కత్తి. రోలు మాత్రము నల్లరాతిది, బరువైనది. చోన్‌బురి సీమలోని ఆంగ్ సిలా ఊరు ఇట్టి రోళ్ళకు పేరు పొందినదట. పచ్చికూర ముద్ద నూరు క్రమము అమ్మమ్మ పచ్చడి నూరు క్రమమే: ఉప్పురాళ్ళతో గట్టివి, పీచువి ముందు, నీరూరునవి వెనుక. ధనియాలు, జీలకర్ర, తెల్లమిరియాలు వేయించి పొడిచేసికొని, పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రము, అక్కడి గరుకు నిమ్మకాయ తొక్క, కొత్తిమీర వేళ్ళు నలిగిన తరువాత చిన్నయుల్లి, వెల్లుల్లి. మిక్సీలో వేసిన కోయబడును, రోటిలో వేసిన నలుగును. నలిగినప్పుడే నూనె బయటికి వచ్చును. అటుపై బాణలిలో నూనె పోయరు. కొబ్బరి మొదటిపాలను నూనె తేలువరకు కాచి, ఆ నూనెలోనే ముద్దను వేయింతురు. చాయమారి, వాసన చావడి యంతయు నిండిన పిమ్మట రెండవపాలు పోసి కాయలు వేయుదురు. తోమ్ యమ్ అను చారు విషయమున వారి నియమము మరియొకటి: నిమ్మరసము పొయ్యి ఆర్పిన తరువాతనే పిండవలెను, మరగుచుండగా పిండిన చేదెక్కును. ఈ చారు రొయ్యలతో చేయు విధమును యునెస్కోవారు 2024లో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి.

ముద్ద నూరుటకు ముందు ఆమె గంప పట్టుకొని ఒక్కొక్కరి కడకు వచ్చి, "మీకు ఎన్ని మిరపకాయలు?" అని అడిగినది. తెల్లవారిలో ఒకడు ఒకటి అన్నాడు, అక్క ఐదన్నది. నా కడకు వచ్చి అడిగినప్పుడు నా నోట మాట రాలేదు. మీ పెదనాన్నగారికి కారము ఎంత, మా అత్తగారికి ఎంత, మీ తాతగారికి అల్సరు వచ్చిన తరువాత ఎంత, అక్కకు పరీక్షల దినములలో ఎంత, మీ అమ్మకు నీవు కడుపున నుండగా ఎంత, ఇవన్నియు నిద్రలో లేపి అడిగినను చెప్పగలను. నాకు ఎంత కావలెనో నాకు తెలియలేదు. ఎవరును అడుగలేదు, నన్ను నేను అడుగుకొనలేదు. ఆమె చిరునవ్వుతో నిలిచి యుండగా, "మూడు" అన్నాను. ఊహించి చెప్పిన మాట.

మా చిన్ననాటి కోనసీమ యిల్లు నీవెరుగుదువు, పెద్ద వసారా, వెనుక వంటిల్లు. మగవారి పంక్తి, పిల్లల పంక్తి, వచ్చిన పోయిన బంధువుల పంక్తి అయిన తరువాత, ఎండ పెరటిగోడ దాటు వేళకు ఆడవారు కూర్చుండెడివారు. అప్పటికి గిన్నెలో పులుసు అడుగు, ముక్క లేని రసము, మాడిన అన్నపు చెక్క. అమ్మమ్మ దానిని కష్టమని యెన్నడును అనలేదు. "నాకు ఇదే ఇష్టము" అనెడిది. నేను పదిమంది నడుమ ఆ మాట వినుచు పెరిగి అదే నా ఇష్టమని నమ్మితిని. మా తరమున వంట నేర్చుటయనిన ఇతరుల నాలుకను నేర్చుట. అందు ఆనందము లేదని చెప్పను. నలుగురు తిని విస్తరి మడచి తృప్తిగా లేచిన క్షణము వంటిది నా జీవితమున మరియొకటి లేదు. కాని ఆ నలుగురును లేచిపోయిన దినమున పొయ్యి ఎవరికొరకు వెలిగింపవలెనో మాకెవరును నేర్పలేదు.

రాజులు తమ కావ్యములలో భోజనమును వర్ణించిన దేశములు రెండింటిని నేనెరుగుదును. మన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువున అతిథులకేమి వడ్డించెనో ఎంత శ్రద్ధతో వర్ణించినాడో మీ తాతగారు నీకు చదివి వినిపించినారు. 1809 మొదలు 1824 వరకు, నాడు సయామనబడిన ఆ థాయి దేశమును ఏలిన రెండవ రాముడను రాజు గూడ కూరలను, పిండివంటలను వర్ణించుచు, పడవపాటగా పాడుటకు ఒక కావ్యము వ్రాసినాడు. అందు మస్సమన్ కూరకు పెద్దపీట. ఒకరు అతిథికి వడ్డించుటను పాడిరి, ఒకరు ప్రియురాలి చేతివంటను పాడిరి. వండినదాని నోటికి ఏది రుచియో చెప్పిన చరణము ఈ రెండింటిలో నా కంటబడలేదు. ఇది నింద కాదు. నా మనసున నాటుకొనిన మాట గనుక వ్రాసితిని.

నేటివారిని చూచిన నాకు బాధ వేరొక విధమున కలుగును. మీ నగరములలో వంటిళ్ళు అద్దమువలె మెరయుచున్నవి, వాటిలో పోపు వాసన లేదు. గడియారము పదకొండు కొట్టిన తరువాత ఎవడో కుర్రవాడు వానలో తడియుచు మోటారు సైకిలుమీద తెచ్చిన సంచిని తీసికొని, మంచముమీదనే విప్పి, ఒక చేత ఫోను, ఒక చేత చెంచా పట్టుకొని, సగము తిని మూతవేయుదురు. క్లాసులకు పోయినవారును చేసిన పదార్థమును చల్లారువరకు ఫొటోలు తీయుచున్నారు. ఎంగిలి పడకమునుపే పదిమందికి చూపిన భోజనము తిన్నట్లు ఎట్లగును? మేము ఆకలిని అణచుకొంటిమి. మీరు ఆకలిని మరచుచున్నారు. రెండింటికిని ఫలము ఒకటియే.

ఆ ఫలము నేను అనుభవించితిని. మీ పెదనాన్నగారు పోయిన తరువాత, చుట్టములందరును ఎవరి ఊరికి వారు వెడలిన తరువాత, ఒక్కతెకు వంట యేమని పొయ్యి వెలిగించుట మానితిని. ప్రొద్దుట కాఫీ, మధ్యాహ్నము మజ్జిగలో కలిపిన అన్నము, ఆవకాయ బద్ద. రాత్రి ఏమియు లేదు. ఎవరైన ఫోను చేసి తిన్నావా అనిన, తిన్నాననుట. నీవు మీ అమ్మతో ఇప్పుడు అనుచున్నట్లే. నెలలు గడచినవి. నెత్తురు ఇంకిపోయి, ఎముకలు గుల్లబారి, ఒకనాడు పెరటి గట్టుమీద కళ్ళు తిరిగి పడితిని, తుంటి విరిగినది. నేను ఆస్పత్రి మంచముమీద నుండగానే అమ్మమ్మ వెళ్ళిపోయినది. ఆఖరి గుక్క నీళ్ళు మీ అమ్మ పోసినది. పెద్దకూతురు రాలేదా అని అమ్మమ్మ అడిగినదట. మీ అమ్మ ఈ మాట నాకు చాలకాలము చెప్పలేదు, చెప్పిన దినమున ఇద్దరమును ఏడ్చితిమి. నీకు ఇంతవరకు తెలియదు. తెలియవలెను.

అందువలననే, ఆ చావడిలో నా పొయ్యిమీద నేను వండిన కూరను, నేను చెప్పిన మూడు మిరపకాయలతో, బల్లకడ కూర్చుండి నేనే మొదట తిన్నప్పుడు నాకు కలిగిన భావము నీకు అర్థమగునని తలచుచున్నాను. ఆమె ఎవరి వంటను రుచి చూచి తీర్పు చెప్పలేదు. చెంచా మా చేతికిచ్చి, ఉప్పు, పులుపు, తీపి, కారము నీకు సరిపోయినవో లేవో నీవే చూడుమన్నది. పులుపు చాలలేదు. ఇంకొంచెము పిండుకొంటిని. కారము ఇంకొకటి పట్టును, నాలుగు.

ఇక పనిమాటలు. క్లాసు ఒక పూటది వద్దు, పూర్తిదినమునది తీసుకో. ప్రొద్దున సంతకు తీసుకొనిపోవునదై యుండవలెను. డబ్బు కట్టకముందే మూడు అడుగు: ఒక్కొక్కరికి వేరే పొయ్యి ఉన్నదా, ముద్ద చేతితో నూరనిత్తురా, మనిషిమనిషికి తన కారము తనకేనా. మూడింటిలో ఒకటి లేకున్నను వేరొకటి చూచుకో. నీవు చేపలు తినవు గనుక ముందే చెప్పు. వారి ఉప్పు చాలవరకు చేపలనుండి తీసిన నంప్లా, కూరముద్దలో రొయ్యల కపి వేయుదురు. నంప్లాకు బదులు సోయా పులుసు పోయమను. కపి లేకుండ నీ ముద్ద నీవు నూరుకో. "జే" అను పసుపుపచ్చ జెండా ఉన్న అంగడిలో మాంసము, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి గూడ ఉండవు. ఆ ఉదయము ఫలహారము చేయక పో. నూలుబట్ట కట్టుకో, జుట్టు ముడివేసుకో, మిరపకాయ తరిగిన చేయి కంటికి తగిలింపకు. సంతలో చిల్లర బాత్‌లు ఉంచుకో. కొలతలు కాగితముమీద వ్రాసుకో, ఫోనులో కాదు. తయారైన ముద్దలు డబ్బాలలో కొని తేవద్దు.

పోవుటకు ముందే, ఈ వారములోనే, నెత్తురు పరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, విటమిన్ డి, థైరాయిడు. కాగితము మీ అమ్మకు కాదు, నాకు పంపు. తిరిగి వచ్చిన మొదటి ఆదివారము నేను మీ ఊరికి వచ్చెదను. నీ యింట రోలు లేదు, నాది కారులో వేయించుకొని తెచ్చెదను. ఉస్తికాయలు రైతుబజారులో దొరుకును, నేను చూచుకొనెదను. నీవు రెండు కొబ్బరికాయలు తెచ్చి ఉంచు. నేను పీట వేసుకొని కూర్చుందును, వండునది నీవు. ఎన్ని మిరపకాయలో అప్పటికి తేల్చుకొని ఉండు.

ఇట్లు,
మీ పెద్దమ్మ