తెగిపోయిన వాక్యం

ఒకరు చెప్పిన మాట మన దగ్గర చెడిపోతే, పోయిన ముక్కను మన జ్ఞాపకంతో పూరించవచ్చునా? పూరిస్తే అది సాయమవుతుందా, అబద్ధమవుతుందా? ఈ ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. ఒక కంప్యూటరు ఫైలు పాడయ్యేవరకు నేనూ దీన్ని చిన్నదనే అనుకున్నాను.

జగ్గయ్యపేటలో మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. మేమందరం ఆమెను పిన్నిగారనే పిలిచేవాళ్ళం. ఎనభై ఏళ్ళు దాటాక ఒకనాడు నన్ను పిలిచి, "నాయనా, చూపు ఆనడం లేదు, చెయ్యి వణుకుతోంది. నేను చెబుతాను, నువ్వు ఎక్కించు" అన్నారు. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. మెట్ట పొలం, వానలు లేని ఏళ్ళు, ఎండిపోయిన మిరప తోట, నందిగామలో పిల్లల చదువులు అన్నీ చెప్పారు. చివరి సాయంత్రం అసలు సంగతి బయటపెట్టారు. వరుసగా రెండేళ్ళు పంట పోయినప్పుడు పక్కింటి ఇల్లాలు తన మెడలో గొలుసు తాకట్టు పెట్టి వీళ్ళకు డబ్బిచ్చిందట. కాగితం రాసుకోలేదు. కొంత తీర్చారు, కొంత మిగిలిపోయింది. ఆ ఇల్లాలు ఏనాడూ అడగలేదు, ఆమె కూడా పోయింది. "మా పిల్లలకు ఇది తెలియాలి నాయనా" అని, ఎంత మిగిలిందో కూడా చెప్పారు. నేను టైపు చేశాను.

ఫైలు పెన్‌డ్రైవులో ఉంచాను. రేపు ప్రింటు తీయిద్దాంలే అనుకున్నాను. మరో నకలు పెట్టలేదు. పైగా ఒక రోజు తొందరలో, సేవ్ అవుతుండగానే పెన్‌డ్రైవు లాగేశాను. తప్పు పూర్తిగా నాదే. కొద్ది రోజులకు పిన్నిగారు కన్నుమూశారు. దినం అయిన మర్నాడు పెద్దబ్బాయి వచ్చి, "అన్నయ్యా, అమ్మ ఏదో రాయించిందట కదా" అని అడిగాడు. ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు.

ముందుగా దానికి ఒక నకలు తీసి, నకలు మీదనే పని చేశాను. దెబ్బతిన్న అసలు మీద ప్రయోగాలు చేయకూడదు. వర్డులోనే ఉండే మరమ్మతు సదుపాయం పనిచేయలేదు. 2007 నుంచి వాడుకలోకి వచ్చిన డాక్స్ ఫైలు పైకి ఒకే కాగితంలా కనిపించినా, నిజానికి అది మూటగట్టిన జిప్ ఫైలు. పాఠం ఒక ముక్కలో, అక్షరాల సొగసు మరో ముక్కలో, బొమ్మలు ఇంకో ముక్కలో ఉంటాయి. వీటన్నిటి పట్టిక మూట చివర ఉంటుంది. చివర తెగితే పట్టిక పోతుంది. పట్టిక లేకపోతే లోపల సరుకు ఉన్నా కంప్యూటరు ఏమీ లేదంటుంది. అయితే పట్టికతో పని లేకుండా మొదటినుంచి చదివే పనిముట్లు ఉన్నాయి. వాటితో పాఠం బయటికి వచ్చింది. కాని ఆ పాఠాన్ని నొక్కి కుదించి దాస్తారు గనుక, ముందున్న దాన్ని బట్టే వెనుకది విప్పాలి. తెగిన చోటు దాటితే ఏమీ అందదు.

ఇంచుమించు అంతా దొరికింది. చివరి పంక్తి మాత్రం ఇలా ఆగింది: "ఆ తల్లికి మేమింకా ఇవ్వవలసింది..."

అంకె లేదు. ఎనిమిది వేలు అన్నట్టు నాకు గుర్తు. ఆరు వేలేమోనని అనుమానం. నాలుగు అక్షరాలు టైపు చేస్తే ఆ వాక్యం పూర్తవుతుంది. ఎవరికీ తెలియదు. అప్పు తీరుతుంది, పిన్నిగారి మనసు నెరవేరుతుంది. ఇందులో తప్పేమిటని నా మనసు నన్నే అడిగింది.

తప్పు ఇదీ. చదివేవారు ఆ అంకెను నా ఊహ అనుకోరు, తల్లి మాట అనుకుంటారు. నా అనుమానానికి ఆమె గొంతు తగిలించినట్లవుతుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఆ మాట ఆమెది కాదు.

పాత గ్రంథాలను పరిష్కరించేవారు ఖాళీలు పూరించలేదా అని ఎవరైనా అడగవచ్చు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొర అనేక ప్రతులు సేకరించి ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. ఆయనకు వేరే ప్రతులు ఆధారంగా ఉన్నాయి, నాకు ఒక్కటీ లేదు. మన ఊరి ధనం బోడు స్తూపాన్నే చూడండి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో సిద్ధార్థుడనే శిల్పి ఆయక స్తంభాలు దానం చేసినట్టు అక్కడి శాసనాలు చెబుతాయి. శాసనాలను అచ్చు వేసే పండితులు అరిగిన అక్షరాన్ని ఊహిస్తే దాన్ని కుండలీకరణంలో పెడతారు. ఊహకు కూడా అందనిచోట చుక్కలు పెడతారు. రాయి చెప్పింది వేరు, తాము అనుకున్నది వేరు అని చదివేవారికి తెలియాలని వారి నియమం.

అలాగని ఖచ్చితంగా తెలియదు కదా అని నేను నోరు మూసుకుంటే? అప్పిచ్చిన ఇంటికి అన్యాయం జరుగుతుంది. ఊహను నిజమని చెప్పడం ఎంత తప్పో, సందేహాన్ని సాకుగా చేసుకుని తెలిసినది దాచడమూ అంతే తప్పు. అందుకని రెండు కాగితాలు ఇచ్చాను. మొదటిదానిలో ఫైలులో దొరికినది, తెగిన చోట చుక్కలతో. రెండవదానిలో నా సంతకంతో నా జ్ఞాపకం, నా అనుమానం, నా పొరపాటు.

చిన్నబ్బాయి చదివి, "అంకె లేనప్పుడు అప్పు లేనట్టే కదా అన్నయ్యా" అన్నాడు. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మ ఇవ్వాలి అన్నదిరా. ఎంత అనేదే మనకు తెలియనిది" అన్నాడు. మరుసటి ఆదివారం ఇద్దరూ ఆ కాగితాలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. ఆ ఇల్లాలి కూతురికి ఈ సంగతే తెలియదు. చదివి వినిపించమని అడిగి, గొలుసు మాట దగ్గర ఏడ్చిందట. ఎంత అనేది రెండు ఇళ్ళవాళ్ళూ కూర్చుని తేల్చుకున్నారు. ఆ అంకె నేను అడగలేదు.

నేనే అంకె వేసి ఉంటే ఎవరిచేతనో డబ్బు పంపి చేతులు దులుపుకునేవారేమో. లెక్క తెలియకపోబట్టే మనుషులు మనుషుల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది.

పాఠకులారా, మీ దగ్గర ఎవరి మాటైనా భద్రంగా ఉంటే దానికి రెండు నకళ్ళు తీసి రెండు చోట్ల ఉంచండి. కాగితం మీద కూడా తీయించండి. అది చెప్పినవారు ఇంకా మన మధ్య ఉంటే ఈ వారమే వెళ్ళి వారికి చదివి వినిపించండి. తప్పుంటే వారే దిద్దుతారు. ఆ తరువాత దిద్దే హక్కు మనకెవరికీ ఉండదు.