ఒంటరి నక్షత్రము

ధ్యాన భాగము: జెకర్యా 4:10



పని స్వల్పముగా కనబడు దినమును తృణీకరింపవద్దని ప్రవక్త మనలను హెచ్చరించుచున్నాడు. ఈ మాటకు మన తెలుగు సంఘమే సాక్షి.

1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో సువార్త పని స్థాపించిరి. ఏండ్లు గడచినను ఫలము బహు కొద్ది. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున బాప్టిస్టు మిషను పెద్దలు కూడి, ఈ పనిని మూసివేయుదమా అని ఆలోచించిరి. పటములో తెలుగు మిషనుకు ఒక్కటే నక్షత్రపు గుర్తు. ఆ ఒంటరి నక్షత్రమును గూర్చిన మాట విని, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను పాదిరిగారు ఆ రాత్రియే "లోన్ స్టార్" అను పద్యము వ్రాసిరి. మరునాడు అది సభలో చదువగా అనేకుల హృదయములు కదలెను; పని నిలిచెను.

అయితే పద్యము విని కంట తడిపెట్టుట సులభము, నిలిచియుండుట కష్టము. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండపై మోకరించిరి. ఐదుగురే! ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని అడిగిరి. 1862లో పని మూసివేయు మాట మరల లేచెను. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో. గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన నల్లమల కొండలలో పుట్టి వచ్చు గుండ్లకమ్మయే అది.

నా తప్పు ఒకటి ఒప్పుకొందును. ఒక పల్లెలో గురువారపు ప్రార్థనకు ముగ్గురు అవ్వలే వచ్చుచుండిరి. అంత దూరము పోవుట దండుగ అనుకొని రెండు వారములు మానితిని. మూడవ వారము పోగా ఒక అవ్వ, "అయ్యగారూ, మీరు రాకపోయినా ఆ రెండు వారాలూ మేం కూర్చునే ఉన్నాం. మీకు ఒంట్లో బాగులేదేమోనని మీకోసమే ప్రార్థన చేసినాం" అనెను. నా తల వంగిపోయినది.

తలలు లెక్కించి పని మానుకొనదలచినవాడను నేను. లెక్క చూడక దీపము పెట్టినవారు వారు. ప్రియులారా, మీ పల్లెలో ఇద్దరే ఉన్నారా? ఆ ఇద్దరితోనే కూడుకొనుడి. కోత కోయువారము మనము కాకపోవచ్చును. ఈ వారము దీపము ఆరనీయకుండుట మాత్రము మన వంతు. ప్రభువు మనకు ఓర్పు నిచ్చునుగాక. ఆమేన్.