దస్తరాల్లో పూర్వీకులు

బాబిలోను చెర నుంచి యెరూషలేముకు తిరిగొచ్చిన యూదుల్లో కొన్ని కుటుంబాలవారు తాము యాజక వంశీయులమని చెప్పుకున్నారు. వంశావళి పుస్తకాలు వెతికితే వారి పేర్లు కనబడలేదు. దాంతో వారిని యాజకత్వం నుంచి పక్కన పెట్టారు. ఊరీము, తుమ్మీములు ధరించిన యాజకుడు వచ్చి దేవుడి నిర్ణయం అడిగేదాకా ఆ సంగతి తేలదన్నారు. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో రెండు మూడు వాక్యాల్లో ముగిసిపోయే ఈ ఉదంతం, పూర్వీకుల కోసం పాత రాతలు తిరగేయడానికి చాలా పాత ఉదాహరణ. పేరు దొరకని ఉదాహరణ కూడా.

ఛాందోగ్యోపనిషత్తులో దీనికి ఎదురు నిలిచే కథ ఉంది. సత్యకాముడికి తన గోత్రం తెలియదు. తల్లి జబాలను అడిగితే, నలుగురి ఇళ్లలో పనిచేస్తూ తిరిగిన వయసులో నిన్ను కన్నాను, నీ గోత్రం నాకూ తెలియదంది. అతను వెళ్లి గురువుతో ఉన్నదున్నట్టు ఆ మాటే చెప్పాడు. హారిద్రుమత గౌతముడు ఆ నిజాన్నే అర్హతగా తీసుకుని అతన్ని శిష్యుడిగా చేర్చుకున్నాడు. ఇంత నిజం బ్రాహ్మణుడు కానివాడు చెప్పలేడని గురువు అనడంలో వంశం మీది నమ్మకం మిగిలే ఉందన్నది వేరే సంగతి. ఒకచోట రాత లేకపోవడం మనిషిని బయటికి పంపింది. మరోచోట తెలియదని ఒప్పుకోవడం లోపలికి రానిచ్చింది. పుట్టుక గురించిన రాత మనిషిని గురించి ఏం చెప్పగలదన్న ప్రశ్న ఈ రెండు కథల మధ్యనే ఉంది.

ఇవాళ యూరపు, అమెరికాల్లో వంశవృక్షం గీసుకునేవారు మొదట వెతికేవాటిలో చర్చి రిజిస్టర్లు ముఖ్యమైనవి. అవి వంశవృక్షాల కోసం పుట్టినవి కావు. ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఇంగ్లండులోని ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసిపెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఇది ఏదో కొత్త పన్నుకు ఎత్తుగడ అని జనం భయపడ్డారు. కాథలిక్ లోకంలో 1563 నాటి ట్రెంట్ మహాసభ పెళ్లి పుస్తకాలను, జ్ఞానస్నాన పుస్తకాలను తప్పనిసరి చేసింది. 1614లో వచ్చిన రోమన్ కర్మకాండ గ్రంథం మరణాల పుస్తకాన్ని కూడా చేర్చింది. చర్చి పెద్దలను వేధించిన చింత నిషిద్ధ బంధుత్వం. 1215 నుంచి నాలుగో తరం వరకు రక్తసంబంధీకుల మధ్య పెళ్లి కుదిరేది కాదు. జ్ఞానస్నానంలో బిడ్డను పట్టుకున్న జ్ఞాన తల్లిదండ్రులది కూడా బంధుత్వమే, ఆ వరుసలోనూ పెళ్లి కుదిరేది కాదు. ఆ వరుసలు తేల్చడానికే కన్నవారి పేర్ల పక్కన జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఎక్కాయి. మన ధర్మశాస్త్రాలు సపిండుల లెక్క కట్టింది కూడా ఇలాంటి అవసరం కోసమే, కాకపోతే ఆ లెక్క పుస్తకంలో కాక పెద్దల నోట ఉండేది.

అంటే ఫాదరు రాసుకున్నది పుట్టిన మనిషిని కాదు, సంస్కారం పొందిన ఆత్మను. షేక్‌స్పియర్ 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం పొందినట్టు స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరులో ఉంది. ఎప్పుడు పుట్టాడో లేదు. ఏప్రిల్ 23 అనేది తర్వాతివాళ్లు కట్టిన లెక్క. ఆ రోజు పుస్తకం రాసినవారికి పుట్టినరోజు అవసరపడలేదు.

తెలుగునాట ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. కాథలిక్ విచారణల్లోనూ (పారిష్‌ల్లోనూ), లూథరన్ సంఘాల్లోనూ పసిబిడ్డలకే జ్ఞానస్నానం ఇస్తారు కాబట్టి ఆ పుస్తకాలు పుట్టుకకు కాస్త దగ్గరగా ఉంటాయి. బాప్టిస్టులు పసివాళ్లకు ఇవ్వరు. నమ్మి, నోటితో ఒప్పుకున్నవారినే నీళ్లలో ముంచుతారు. ధాత కరువు రోజుల్లో, తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. భూమి లేనివారికి కరణం లెక్కల్లో పట్టాదారుగా చోటు ఉండేది కాదు. అలాంటి ఇంట్లో పూర్వీకుడి పేరు కాగితం మీదికెక్కిన మొదటి చోటు సంఘం పుస్తకమే కావచ్చు. ఆ పుస్తకం చెప్పేది అతను ఎవరికి పుట్టాడన్నది కాదు, ఏ రోజు ఏం నిర్ణయించుకున్నాడన్నది. వంశం వెతుక్కుంటూ వెళ్లిన ముని మనవడికి అక్కడ దొరికేది, వంశం ఇచ్చిన చోటు నుంచి తనంతట తాను ఒక అడుగు బయటికి వేసిన మనిషి.

చర్చి ఆత్మను రాసుకుంటే ప్రభుత్వం తలలు లెక్కపెట్టుకుంది. ఇంగ్లండు 1841 జనగణనలో పదిహేనేళ్లు దాటినవారి వయసును చాలాచోట్ల ఐదు గుణిజాలకు తగ్గించి రాశారు. ముప్పై నాలుగేళ్ల మనిషి ముప్పై ఏళ్లవాడయ్యాడు. అమెరికాలో ఇంతకంటే ఘోరం జరిగింది. 1850, 1860 జనగణనల్లో బానిసలకు విడిగా పట్టికలు వేశారు. వాటిలో వయసు, ఆడా మగా, ఒంటి రంగు ఉంటాయి. పేరు మాత్రం ఉండదు, పేరు యజమానిది. విముక్తి తర్వాత 1870 జనగణనలోనే వారందరినీ పేరు పెట్టి రాశారు. నల్లజాతి కుటుంబాల వెతుకులాట చాలాసార్లు ఆ ఏటి దగ్గర ఆగిపోతుంది. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే యజమాని వీలునామా, ఆస్తుల జాబితా, అమ్మకం చీటీ చూడాలి. అంటే ముత్తవ్వను పశువుల, సామాన్ల మధ్య వెతకాలి.

భారతదేశంలో ఇంటింటి జనగణన కాగితాలు తరతరాలకు దాచే పద్ధతి లేదు. 1871-72 నుంచి మిగిలినవి మొత్తాల పట్టికలు. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ కాగితాలను ఎవరికీ చూపరు. కాబట్టి మన జనగణనలో పూర్వీకుల కులం, జిల్లా సంఖ్యలుగా దొరుకుతాయి, పూర్వీకులు దొరకరు. విచిత్రం ఏమిటంటే, గిర్మిట్ అనే కూలీ ఒప్పందం కింద దేశం దాటినవారికి ఊళ్లో ఉండిపోయినవారికి లేని రాత ఉంది. 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు 1,52,184 మంది కూలీలు వెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాశారు. ఇలాంటి జాబితాల సాయంతోనే దక్షిణాఫ్రికాలోనూ, మారిషస్‌లోనూ నాలుగైదు తరాల తర్వాతి తెలుగువారు తమ ఊరి పేరు పట్టుకోగలుగుతున్నారు. మనిషిని కట్టిపడేయాలనుకున్నవారే మనిషి గురించి వివరంగా రాసుకున్నారు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్లు ఇప్పుడు వంశవృక్షంలో కొమ్మలు.

ఈ రాతలన్నిటికీ ఒక లక్షణం ఉమ్మడి. ప్రతిదీ ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు. చర్చి అడిగిందొకటి, దొర అడిగిందొకటి, పన్ను గుమాస్తా అడిగిందొకటి. నేనెవరిని అన్న ప్రశ్న వాళ్లెవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు అక్కడ ఉందనుకుని చదివితే లేనిది కనిపిస్తుంది. పైగా, ఈ రిజిస్టరులోని వెంకటస్వామి, ఆ జాబితాలోని వెంకటస్వామి ఒకడేనని ఏ కాగితమూ చెప్పదు. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్లలో ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, అదే పేరుగలవాళ్లు ముగ్గురు ఉండవచ్చు. ఇద్దరినీ ఒకరుగా కలిపేది చదివేవాడి ఊహ. పవిత్ర వంశావళులు కూడా ఇలాంటి కూర్పులే. మత్తయి సువార్త అబ్రాహాము నుంచి క్రీస్తు దాకా పద్నాలుగేసి తరాల చొప్పున మూడు భాగాలు చెబుతుంది. ఆ లెక్క కుదరడానికి యూదా రాజుల్లో ముగ్గురు, అహజ్యా, యోవాషు, అమజ్యా, జారిపోయారు. లూకా సువార్త దావీదు దగ్గర సొలొమోనును వదిలి నాతాను వైపు వెళ్తుంది. చదివే భక్తుడికి అది లోపం కాదు. ఆ జాబితాలు క్రీస్తు ఎవరో ప్రకటించడానికి రాసినవి.

హిందూ కర్మకాండ పేర్ల విషయంలో మరో దారి తీసుకుంది. పితృఋణం ప్రతివాడికీ ఉంది. తర్పణంలో మాత్రం తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలకే పేరు, గోత్రం చెబుతారు. తల్లి వైపువారికీ అలాగే. ఆ ముగ్గురూ వసు, రుద్ర, ఆదిత్య రూపులు. మూడు తరాలు దాటాక మనిషి పేరు లేని పితృగణంలో కలిసిపోతాడు. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకునే ఆచారమూ ఉంది. గయలో అయితే పేరు తెలియనివారికి, సంతానం లేకుండా పోయినవారికి, ప్రమాదాల్లో పోయినవారికి, బంధువులు కానివారికి కూడా పిండం పెడతారు. అదే గయలో, హరిద్వారంలో పండాలు యాత్రికుల వంశాలను బహీలనే పుస్తకాల్లో తరతరాలుగా రాసుకుంటూ వచ్చారు, నిజమే. అయినా ఋణం తీరడానికి ఆ పుస్తకం దొరకనక్కర్లేదు. కాథలిక్కులు నవంబరు 2న సమాధుల పండుగనాడు మృతులందరి కోసం ప్రార్థించడంలోనూ ఈ ఉదారతే ఉంది.

పేరు లేకుండా స్మరించడం మొక్కుబడి కాదు, లెక్కకు కూడా అదే నిలుస్తుంది. తరానికి రెట్టింపు చొప్పున పది తరాల వెనక ప్రతి మనిషికీ 1,024 మంది పూర్వీకులుండాలి, ఇరవై తరాల వెనక పది లక్షల పైచిలుకు, ముప్పై తరాల వెనక 107 కోట్ల పైచిలుకు. అప్పటికి లోకంలో అంతమంది లేరు. కాబట్టి ఒకే మనిషి చాలా దారుల్లో పూర్వీకుడవుతాడు. మేనరికాలున్న తెలుగు ఇళ్లలో ఇది మూడు తరాల్లోనే కనబడుతుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే వారి బిడ్డకు ఎనిమిది మంది ముత్తాత, ముత్తవ్వలకు బదులు ఆరుగురే. మేనమామనే చేసుకుంటే తండ్రి వైపు తాత, తల్లి వైపు ముత్తాత ఒకరే. వెనక్కి వెళ్లేకొద్దీ ఇంటిపేరు ఒక సన్నని దారి. మిగిలిన వేల దారుల్లో ఎవరెవరున్నారో ఏ ఇంటిపేరూ చెప్పదు. వంశగౌరవం ఆ ఒక్క దారి మీద కట్టుకున్న మేడ.

మృతుల పేర్లను అందరికంటే ఎక్కువగా సేకరించింది మోర్మన్లు. మృతుల తరఫున బతికున్నవారు బాప్తిస్మం తీసుకోవచ్చని ఆ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1840లో ప్రకటించాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలోని ఒక వాక్యం దానికి ఆధారం. మొదట్లో సభ్యులు తమను సంఘ నాయకుల కుటుంబాలకు ముడివేయించుకునేవారు. 1894లో సంఘ అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ అది ఆపించి, ఎవరి పూర్వీకులను వారు వెతుక్కోమన్నాడు. ఆ ఏడే యూటా వంశావళి సంఘం ఏర్పడింది. 1938 నుంచి లోకమంతటి రిజిస్టర్లను మైక్రోఫిల్ము తీసి సాల్ట్ లేక్ సిటీ దగ్గర కొండను తొలిచిన భాండాగారంలో దాచారు. మతంతో సంబంధం లేని లక్షలాది మందికి ఇవాళ తాతల పేర్లు దొరుకుతున్నాయంటే ఈ మత విశ్వాసమే కారణం.

అభ్యంతరాలూ అక్కడి నుంచే వచ్చాయి. నాజీల చేతిలో పోయిన యూదుల తరఫున బాప్తిస్మాలు జరిగాయని తెలిశాక యూదు సంస్థలు నిలదీశాయి. 1995లో ఆ పేర్లు తొలగించడానికి ఒప్పందం కుదిరింది. 2008లో వాటికన్, విచారణ రిజిస్టర్లను మోర్మన్లకు ఇవ్వవద్దని బిషప్పులకు తెలియజేసింది. మృతుడి ఆత్మ కావాలంటే ఒప్పుకుంటుంది, లేదంటే నిరాకరిస్తుంది, బలవంతం లేదు అన్నది మోర్మన్ల సమాధానం. సిద్ధాంతంగా అది న్యాయంగానే ఉంది. కానీ మతం కోసమే చంపబడినవాడి పేరును మరో మతం పుస్తకంలో రాయడానికి అనుమతి ఎవరివ్వాలి? మనవడు ఇవ్వగలడా? అతను వారసుడు, యజమాని కాడు. తన తాతను స్మరించే హక్కు అతనికి ఉంది. తాత బతికుండగా చేయని నిర్ణయాన్ని తాత తరఫున చేసే హక్కు లేదు.

పాత కాగితాల్లో అవమానాలు కూడా దొరుకుతాయి: తండ్రి పేరు ఖాళీగా వదిలేసిన బాప్తిస్మం, బానిసలను కొన్న తాత సంతకం, దాచిపెట్టిన కులం. పితరుల దోషం మూడు నాలుగు తరాలదాకా పిల్లల మీదికి వస్తుందని నిర్గమకాండం అంటే, తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం తేల్చి చెబుతుంది. యెహెజ్కేలు మాటే న్యాయం. అయితే ఆ న్యాయం రెండు వైపులా కోస్తుంది: తాత పాపం మనవడిది కానప్పుడు తాత పుణ్యమూ మనవడిది కాదు. మనవడికి మిగిలే బాధ్యత ఒకటే, చూసినదాన్ని మార్చకుండా రాయడం.

కుటుంబ చరిత్ర రాయబోయేవారు రుజువు దొరికిన పేరును ఆ రుజువు ఎక్కడిదో చెప్పి రాయాలి. ఊహను ఊహ అని రాయాలి. తండ్రి పేరు లేనిచోట ఖాళీ వదలాలి, అక్కడ మర్యాద కోసం మరో పేరు అతికించకూడదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే దస్తరాల కంటే ముందు వాళ్లనే అడగాలి, ముఖ్యంగా అమ్మమ్మ తల్లి పేరు, ఆవిడ పుట్టింటి ఊరు. చాలా రిజిస్టర్లలో ఆవిడ ఫలానావారి భార్య మాత్రమే.